ఇల్లు ఎవరికి అద్దం?

పాఠ్యభాగ ఉద్దేశం

మనిషి ఇల్లు కట్టుకొంటాడు. ఆపైన దానిని అలంకరించుకొంటాడు. ఆ అలంకరణ ఇంటివారి వ్యక్తిత్వాన్ని ప్రతిబింబించాలా, లేక కాలానికీ వసతికీ తగినట్లు ఉంటే సరిపోతుందా అన్నది నగర జీవితంలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న. హైదరాబాదులోని హైటెక్ సిటీ పరిసరాలను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం, ఇంట్లో నివసించే ప్రతి ఒక్కరికీ ఆ ఇంటిమీద గల హక్కును గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అని తెలుగువారి సామెత. ఇంటి తీరును బట్టి ఇంటివారి తీరు తెలుస్తుందని దాని భావం. వాకిట్లోని ముగ్గు, గడపకు రాసిన పసుపు, వంటింట్లో వరుసగా బోర్లించిన గిన్నెలు చూస్తే ఆ ఇంటి మనుషుల శుచి, శ్రద్ధ, ఓపిక అర్థమవుతాయని పెద్దలు నమ్మారు. ఆ నమ్మకంలో సత్యం లేకపోలేదు. అయితే ఆ సామెతలో ఒక లోపం కూడా ఉంది. ఇంటి తీరుకు బాధ్యురాలు ఇల్లాలు ఒక్కతే అన్నట్లుగా అది మాట్లాడుతుంది. తక్కినవారిని చూడనే చూడదు. నిజానికి ఇంట్లో ముసలివారు ఉంటారు, సంపాదించేవారు ఉంటారు, చదువుకొనే పిల్లలు ఉంటారు. ఇంటిని అద్దం అనుకొంటే ఆ అద్దంలో ఎవరి ముఖం కనిపించాలి? గృహాలంకరణను గురించిన చర్చ అంతా చివరకు ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి నిలుస్తుంది.

గుట్టల నడుమ వెలసిన నగరం

ఈ ప్రశ్న స్పష్టంగా కనిపించే చోటు హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ ఒకప్పుడు రాతిగుట్టల నడుమ ఉన్న చిన్న ఊళ్లు. 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించడంతో ఆ ప్రాంతం రూపురేఖలు మారడం మొదలైంది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేటు ఏర్పడ్డాయి. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి, అదే సంవత్సరం రాయదుర్గానికి చేరింది. 2020లో దుర్గం చెరువుమీద తీగల వంతెన ప్రారంభమైంది.

ఉద్యోగాల వెంట మనుషులు వచ్చారు. శ్రీకాకుళం మొదలుకొని ఆదిలాబాదు వరకు, అనంతపురం మొదలుకొని ఖమ్మం వరకు అన్ని ప్రాంతాల తెలుగువారూ ఇక్కడికి చేరుకొన్నారు. ఇతర రాష్ట్రాలవారు కూడా పెద్దసంఖ్యలో స్థిరపడ్డారు. వీరంతా విడిచివచ్చిన ఇళ్లు ఒకదానిని పోలి మరొకటి ఉండేవి కావు. కోస్తా జిల్లాలలో నడుమ ఆకాశం కనిపించే మండువా లోగిళ్లు ఉండేవి. రాయలసీమలో మట్టిమిద్దెలు ఉండేవి. తెలంగాణ పల్లెలలో సున్నపు గోడలకు అడుగున జాజు పట్టీలు తీర్చిన పెంకుటిళ్లు ఉండేవి. ఇంటి కట్టుబడి చూడగానే అది ఏ సీమదో, ఏ వృత్తివారిదో చెప్పగలిగేవారు.

కొత్త నగరంలో ఆ వీలు లేదు. ఒకే నమూనాలో ఒకదానిమీద ఒకటిగా ఇరవై, ముప్ఫై అంతస్తుల ఇళ్లు లేచాయి. ఒకే కొలత తలుపు, ఒకే చోట వంటగట్టు, ఒకే దిక్కున కిటికీ. తలుపు పక్కన ఉండే ఇంటి నంబరు, పేరుపలక తప్ప ఒక ఇంటికీ మరొక ఇంటికీ బయటినుంచి భేదం కనిపించదు. ఇంటి ఆకారం ఇదివరలో చెప్పిన మాటను ఇప్పుడు లోపలి అలంకరణ ఒక్కటే చెప్పవలసి వచ్చింది. అందువల్లనే పూర్వం ఎవరికీ తట్టని ఈ ప్రశ్న ఇప్పుడు ముఖ్యమైనది అయింది.

రెండు అంగళ్లు

హైటెక్ సిటీలో ఇంటిని అలంకరించుకోదలచినవారికి రెండు భిన్నమైన దారులు కనిపిస్తాయి.

మొదటిది ఐకియా. స్వీడన్ దేశంలో 1943లో ఇంగ్వార్ కాంప్రాడ్ అనే పదిహేడేళ్ల యువకుడు స్థాపించిన ఈ సంస్థ, భారతదేశంలో తన తొలి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైదరాబాదులోనే తెరిచింది. సుమారు 4 లక్షల చదరపు అడుగుల ఆ భవనంలో దాదాపు 7,500 రకాల వస్తువులను అమ్మకానికి ఉంచారు. ఆ సంస్థవారు దుకాణం తెరవడానికి ముందు భారతీయుల ఇళ్లను చూసి, వారి అలవాట్లను అధ్యయనం చేశారు. మసాలా డబ్బాలు, ఇడ్లీ పాత్రలు కూడా అమ్మకానికి పెట్టారు. విడిభాగాలుగా కొని, ఇంటికి తెచ్చుకొని ఎవరికి వారు బిగించుకొనే బల్లలు, బీరువాలు ఈ సంస్థ ప్రత్యేకత. 1979లో రూపొందిన ‘బిల్లీ’ అనే పుస్తకాల అర నేటికీ ప్రపంచంలోని ఎన్నో దేశాలలో అమ్ముడవుతున్నది. తక్కువ వెలకు మంచి గృహోపకరణాలు సామాన్యులకు అందడం మెచ్చదగినదే.

కానీ ఆ దుకాణంలో వస్తువులతోపాటు మాదిరి గదులు కూడా ఉంటాయి. మంచం, దుప్పటి, దీపం, గోడమీది బొమ్మ అన్నీ అమర్చి ఉన్న ఆ గదిని చూసి, దానిని ఉన్నది ఉన్నట్లుగా తన ఇంట్లో దింపుకోవాలన్న కోరిక కొనేవారికి కలగడం సహజం. అలా దింపుకొన్న గది అందంగానే ఉంటుంది. అయితే అది ఎవరి గది? అందులో ఎవరూ నివసించలేదు. అక్కడి అరలోని పుస్తకాలను ఎవరూ చదవలేదు.

రెండవది శిల్పారామం. సైబర్ టవర్స్‌కు సమీపంలోనే 1992లో ఏర్పడిన ఈ కళాగ్రామంలో చేతివృత్తులవారు తమ వస్తువులను తెచ్చి అమ్ముకొంటారు. ఈ నేలమీద ఇంటికి అందం తెచ్చే చేతిపనులకు కొదవలేదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్కతో, మొక్కలనుంచి తీసిన రంగులతో బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. కొండపల్లి, నిర్మల బొమ్మలకు పొణికి కర్ర వాడతారు. చేర్యాలలో నకాశీ కళాకారులు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసిన బట్టమీద కులపురాణ కథలను బొమ్మలుగా దించుతారు. పెంబర్తిలో ఇత్తడి రేకులమీద నగిషీ చెక్కుతారు. పోచంపల్లి చేనేత, శ్రీకాళహస్తి కలంకారీ లోకప్రసిద్ధమైనవే.

యంత్రంతో చేసిన వస్తువు అందరికీ ఒక్కటే కాబట్టి అందులో వ్యక్తిత్వం లేదని, చేతిపని వస్తువులో అది ఉందని తొందరపడి తీర్మానించడం తగదు. చేతిపనిలో కనిపించేది దానిని చేసినవారి వ్యక్తిత్వం, కొన్నవారిది కాదు. చేర్యాల పటం వెనుక ఉన్న కథ ఏమిటో తెలియకుండా, అతిథులు మెచ్చుకొంటారని మాత్రమే గోడకు తగిలిస్తే అది కూడా మాదిరి గదిలోని బొమ్మ వంటిదే అవుతుంది. మరొకవైపు, దుకాణంలో కొన్న బల్లే అయినా, దానిమీద పదేళ్లు పిల్లలు హోంవర్కు చేసి, సిరా మరకలు చేసి, వృత్తలేఖిని మొనతో పేర్లు చెక్కితే అది ఆ ఇంటిదే అవుతుంది. వ్యక్తిత్వం ఏ అంగడిలోనూ దొరకదు. అది వాడుకవల్ల వస్తువుకు అంటుతుంది.

పూర్వుల పద్ధతి

తెలుగువారి పాత ఇళ్లలో అలంకరణకు ప్రత్యేకంగా డబ్బు కేటాయించడం తక్కువ. అయినా ఆ ఇళ్లు అలంకారం లేనివి కావు. ముగ్గు దానికి ఉదాహరణ. దానిని ప్రతి ఉదయం వేస్తారు. సాయంత్రానికి అది కాళ్లకింద చెదిరిపోతుంది. మరునాడు మళ్లీ వేస్తారు. చుక్కల లెక్క తల్లినుంచి కూతురికి అందినదే అయినా, వేసే చేయి మారితే గీత మారుతుంది. ముగ్గు పిండిని వేళ్ల మధ్యనుంచి జార్చే తీరును బట్టి ఈ ముగ్గు ఫలానావారు వేసినదని ఇరుగుపొరుగువారు గుర్తుపట్టేవారు. ఒక చేతివ్రాత వంటిదే అది.

బొమ్మల కొలువు మరొక ఉదాహరణ. కొన్ని ప్రాంతాలలో సంక్రాంతికి, మరికొన్ని చోట్ల దసరాకు మెట్లు కట్టి బొమ్మలను పేరుస్తారు. ఏటా ఒక కొత్త బొమ్మనైనా చేర్చడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అమ్మమ్మ పుట్టింటినుంచి తెచ్చిన బొమ్మ పైమెట్టు మీద, మనుమడు జాతరలో కొన్న ప్లాస్టిక్ కారు కిందిమెట్టు మీద ఉంటాయి. రంగు వెలిసిందని పాతదానినీ, వెల తక్కువని కొత్తదానినీ ఎవరూ తీసివేయరు. ఆ కుటుంబం గడిపిన కాలమంతా ఆ మెట్లమీద కూర్చొని ఉంటుంది. అందులో అందరికీ చోటు ఉండటమే కొలువు అందం.

భాగ్యనగరంలో రెండు భవనాలు

హైదరాబాదు చరిత్రలోనే ఇంటికీ ఇంటివారికీ గల సంబంధాన్ని తెలిపే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ మూడవ సాలార్ జంగ్‌గా ప్రసిద్ధుడు. ఆయన జీవితకాలం 1889 నుంచి 1949 వరకు. పెళ్లి చేసుకోని ఆయన తన సంపదను, తీరికను కళాఖండాల సేకరణకే వినియోగించాడు. ఆయన తాత మొదటి సాలార్ జంగ్ 1876లో రోమ్ నగరంలో కొన్న ‘మేలిముసుగు రెబెకా’ శిల్పం మొదలుకొని గడియారాలు, ఆయుధాలు, వ్రాతప్రతులు, దంతపు కుర్చీల వరకు ఆయన దివాన్ దేవిడీ భవనం నిండా ఉండేవి. ఆయన మరణించిన తరువాత 1951లో ఆ భవనాన్నే ప్రదర్శనశాలగా మార్చారు. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. వ్యక్తిత్వాన్ని సంపూర్ణంగా ప్రతిబింబించిన ఇల్లు చివరకు ప్రదర్శనశాల అయింది. అటువంటి సేకరణ ఏకైక వ్యక్తి ఇంట్లోనే సాధ్యం. నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక్కరి అభిరుచి అంతగా పెరిగితే తక్కినవారు సందర్శకులుగా మిగిలిపోతారు.

రెండవది కింగ్ కోఠీ. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో సింహాసనాన్ని అధిష్ఠించాడు. చౌమహల్లా, ఫలక్‌నుమా వంటి మహాసౌధాలు ఉన్నా 1967లో మరణించే వరకు ఆయన కింగ్ కోఠీలోనే నివసించాడు. ఆ భవనాన్ని కట్టించినవాడు కమాల్ ఖాన్ అనే ధనవంతుడు. అతడు తన పేరులోని రెండు తొలి అక్షరాలను, ‘కె.కె.’ అని, తలుపులమీద, కిటికీలమీద చెక్కించుకొన్నాడట. భవనం నిజాం చేతికి వచ్చిన తరువాత ఆ అక్షరాలను చెరిపించకుండా, వాటికి ‘కింగ్ కోఠీ’ అని కొత్త అర్థం చెప్పారని నగరవాసులు నేటికీ చెప్పుకొంటారు. పరుల అక్షరాలున్న తలుపును మార్చకుండానే ఇంటిని తనది చేసుకోవచ్చునని ఈ కథ తెలుపుతుంది. అద్దె ఇళ్లలో ఉండేవారికి ఇది పనికివచ్చే పాఠమే.

పరిశోధకులు చెప్పినది

గదిని చూసి మనిషిని తెలుసుకోవచ్చా అన్న విషయాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా పరిశీలించారు. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ గాస్లింగ్, ఆయన సహచరులు 2002లో ఒక పరిశోధనను ప్రచురించారు. అందులో 94 కార్యాలయ గదులను, 83 పడకగదులను అపరిచితులకు చూపించారు. ఆ గదులవారిని వారు ఎన్నడూ కలుసుకోలేదు. అయినా కొత్త విషయాలపట్ల ఆసక్తి, పనిలో క్రమశిక్షణ వంటి గుణాలను గదిని బట్టి చాలావరకు సరిగానే ఊహించగలిగారు. గదిలో రెండు రకాల గుర్తులు ఉంటాయని ఆ పరిశోధకులు వివరించారు. ఇతరులు చూడాలనో తనకు గుర్తుండాలనో మనిషి కావాలని ఉంచినవి మొదటి రకం. రోజువారీ నడవడిక వల్ల తెలియకుండా మిగిలిపోయినవి రెండవ రకం. గోడమీది బహుమతి పత్రం మొదటి రకానికి, మంచం కింద చెల్లాచెదరైన కాగితాలు రెండవ రకానికి చెందుతాయి.

అంతకుముందే 1981లో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయీ, యూజీన్ రాక్‌బర్గ్ హాల్టన్ అనే ఇద్దరు పండితులు షికాగో ప్రాంతంలోని 82 కుటుంబాలకు చెందిన 315 మందితో మాట్లాడి ఒక గ్రంథాన్ని వెలువరించారు. ఇంట్లో మీకు అతి ప్రియమైన వస్తువులు ఏవి, ఎందుకు అన్నది వారు అడిగిన ముఖ్య ప్రశ్న. జవాబులలో వెలకన్న జ్ఞాపకానికి, అందంకన్న అనుబంధానికి ఎక్కువ స్థానం లభించింది. పిల్లలు పాటల యంత్రాల వంటి తాము ఉపయోగించే వస్తువులను పేర్కొనగా, తాతలు, అమ్మమ్మలు ఛాయాచిత్రాలను పేర్కొన్నారు. ఒకే ఇంట్లో ఉన్న మూడు తరాలవారికి మూడు వేరు వేరు ఇళ్లు ఉన్నాయన్నమాట.

ఈ రెండు పరిశోధనలను కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. వ్యక్తిత్వం ఇంట్లో ఎలాగూ కనిపిస్తుంది. దానికి గౌరవంగా చోటు ఇస్తారా, లేక మంచం కిందకు తోస్తారా అన్నదే ఇంటివారు నిర్ణయించుకోవలసిన విషయం.

అభ్యంతరాలు

ఇంటి అలంకరణలో వ్యక్తిత్వానికి ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదని వాదించేవారు లేకపోలేదు. వారి మాటలలోని బలాన్ని గుర్తించాలి.

ఇల్లు ముందుగా సౌకర్యానికి అన్నది వారి మొదటి మాట. గాలి, వెలుతురు, శుభ్రత, నడవడానికి చోటు లేకుండా జ్ఞాపకాలతో నింపిన ఇల్లు గోదాము అవుతుంది. ఇది నిజం. ఆంగ్ల కళావేత్త విలియం మారిస్ 1880లోనే, ఉపయోగమో అందమో లేని వస్తువు ఇంట్లో ఉండరాదన్న అభిప్రాయాన్ని ప్రకటించాడు.

అద్దె ఇంటివారికి ఈ స్వేచ్ఛ లేదన్నది రెండవ మాట. హైటెక్ సిటీ పరిసరాలలో అద్దెకు ఉండేవారు ఎందరో ఉన్నారు. గోడకు మేకు కొట్టరాదని, రంగు మార్చరాదని ఇంటి యజమానులు ముందే షరతు పెట్టడం సాధారణం. సొంత ఇల్లు ఉన్నవారు కూడా, రేపు అమ్మవలసివస్తే కొనేవారికి నచ్చాలని ఎవరికీ చెందని రంగులను ఎంచుకొంటారు. అంటే ఇంకా రాని మనిషికోసం ఇప్పుడు ఉన్న మనుషులు సర్దుకొంటున్నారు.

వ్యక్తిత్వం పేరుతో ఆడంబరం పెరుగుతుందన్నది మూడవ మాట. 2020లో కరోనా వ్యాధి కారణంగా కార్యాలయాలు మూతపడి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇళ్లనుంచే పనిచేశారు. అప్పుడు కెమెరాలో కనిపించే వెనుక గోడకు ఎన్నడూ లేని ప్రాముఖ్యం వచ్చింది. ఆ గోడకు ఒక పుస్తకాల అర, ఒక మొక్క, ఒక బొమ్మ చేరాయి. కెమెరా చూడని పక్క గోడకు బట్టల కుప్ప మిగిలింది. ఇతరులు చూస్తారని పెట్టుకొన్నదానిని వ్యక్తిత్వం అనవచ్చునా? పూర్తిగా అనలేము. అయితే దీనివల్ల తేలేది వ్యక్తిత్వం అక్కరలేదని కాదు. ప్రదర్శన వేరు, ప్రతిబింబం వేరు అని. 1936 నుంచి గాంధీజీ నివసించిన సేవాగ్రామ్ కుటీరంలో మట్టిగోడలు, చాపలు, చిన్న రాతబల్ల తప్ప ఆడంబరం లేదు. అయినా అంతకన్న స్పష్టంగా తన యజమానిని చూపే గది అరుదు.

తొమ్మిదో అంతస్తులో ఒక మేకు

ఈ చర్చలో నిజంగా నష్టపోయేది ఎవరో తెలియాలంటే ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. అటువంటి కుటుంబాలు కొండాపూర్‌లోనూ గచ్చిబౌలిలోనూ ఎన్నో ఉన్నాయి.

భార్యాభర్తలు ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. బ్యాంకు రుణంతో తొమ్మిదో అంతస్తులో మూడు పడకగదుల ఫ్లాటు కొన్నారు. ఇంటిని అలంకరించే సంస్థ కంప్యూటరుమీద గీసి చూపిన అత్యాధునికమైన నమూనాను మెచ్చుకొన్నారు. లేత బూడిదరంగు గోడలు, దాపుడు దీపాలు, తలుపు పిడులు కనిపించని బీరువాలు అమరాయి. వారి కుమార్తె ఇంటర్మీడియట్ చదువుతున్నది. కొన్ని నెలల తరువాత కరీంనగర్ సమీపంలోని పల్లెలో ఒంటరిగా మిగిలిన నాయనమ్మను కొడుకు ఇంటికి తీసుకొనివచ్చాడు. ఆమె తనతో ఒక రేకు పెట్టె తెచ్చుకొన్నది. అందులో ఇత్తడి చెంబు, కవ్వం, ఊలుతో అల్లిన తోరణం, చనిపోయిన భర్త ఫొటో ఉన్నాయి.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమెకు వేరే గది ఇచ్చారు. మందులు వేళకు అందించారు. అయితే పెట్టెలోని వస్తువులకు ఆ ఇంట్లో చోటు దొరకలేదు. తోరణం రంగు గుమ్మానికి నప్పలేదు. నల్లటి చట్రంలోని పాత ఫొటో హాలు గోడకు సరిపోలేదు. ఒకనాడు ఆమె ఫొటోను చేతిలో పట్టుకొని హాలులో నిలబడి మనుమరాలిని అడిగింది: “ఇది ఈడ పెడితే ఏమన్న అంటరా బిడ్డా?”

ఆ ప్రశ్నలో ఈ పాఠం సారాంశమంతా ఉంది. సొంత కొడుకు ఇంట్లో, సొంత భర్త బొమ్మ పెట్టుకోవడానికి ఆమెకు అనుమతి అవసరమని తోచింది. ఇంట్లోవారు చెడ్డవారు కారు. గోడ మాత్రమే అలా చెప్పింది. సోఫా అంచున కూర్చోవడం, వంటింట్లో ఏది ముట్టుకోవాలన్నా అడగడం, బంధువులు వస్తే గదిలోకి వెళ్లిపోవడం క్రమంగా అలవాటవుతాయి. ఆమె ఇంట్లో ఉంటుంది గాని, ఇల్లు ఆమెది కాదు.

మనుమరాలి పరిస్థితి కూడా కొంత అటువంటిదే. తాను గీసిన బొమ్మలను గోడకు అంటిస్తే రంగు లేచిపోతుందని ఆమెను వారించారు. నాయనమ్మ ప్రశ్న విన్నప్పుడు ఆమెకు తన కాగితాలు గుర్తువచ్చి ఉంటాయి. ఆ సాయంత్రం ఆమె తండ్రిని అడిగి ఒక మేకు కొట్టించింది. తాత ఫొటో హాలు గోడమీదికి వచ్చింది. దాని పక్కన ఒక బొమ్మ, ఆ తరువాత తల్లి కాలేజీలో గెలుచుకొన్న వక్తృత్వపు బహుమతి, ఊరి చెరువు ఫొటో చేరాయి. గదులలో తక్కిన నమూనా అలాగే ఉంది. దీపాలు, బీరువాలు మారలేదు. మారినది ఒక్క గోడ. అతిథులు వచ్చినప్పుడు ముందుగా ఆ గోడ దగ్గరే నిలబడతారు. అక్కడ ఏమిటని అడుగుతారు. అప్పుడు నాయనమ్మ గదిలోనుంచి బయటికి వచ్చి చెబుతుంది.

ముగింపు

గృహాలంకరణ ఇంటివారి వ్యక్తిత్వాన్ని ప్రతిబింబించాలా అన్న ప్రశ్నకు, ప్రతిబింబించాలి అన్నదే సమాధానం. అయితే అక్కడ వ్యక్తిత్వం అన్నది డబ్బు పెట్టినవారిది మాత్రమే కాదు. ఇంటికి వన్నె తెచ్చే బాధ్యత ఇల్లాలిది, గోడలమీద హక్కు యజమానిది అన్న పాత విభజన నేటికి చెల్లదు. అందరూ కొలువు తీరిన బొమ్మల మెట్లవలె ఇల్లు ఉండాలి. పైమెట్టు ఎవరిది, కిందిమెట్టు ఎవరిది అన్నది ముఖ్యం కాదు. ప్రతి ఒక్కరికీ ఒక మెట్టు ఉండటం ముఖ్యం.

ఇందుకు పెద్ద ఇల్లు అక్కరలేదు. వసతిగృహంలో ఉండి చదువుకొనే విద్యార్థికి ఉన్నది ఒక మంచం, ఒక రేకు పెట్టె మాత్రమే. ఆ పెట్టె మూత లోపలివైపున అతడు అంటించుకొన్న అమ్మానాన్నల ఫొటో, పక్కన రాసుకొన్న పరీక్ష తేదీలు అతని ఇల్లే. పెట్టె మూసినప్పుడు ఎవరికీ కనిపించకపోయినా, రోజూ ఉదయం మూత తెరిచినప్పుడు అతడు తనను తాను చూసుకొంటాడు. ‘ఇల్లు కట్టి చూడు’ అన్నారు పెద్దలు. కట్టిన తరువాత, ఆ ఇంట్లో ఎవరు అడుగడుగునా అనుమతి అడుగుతున్నారో కూడా చూడాలి.

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. సైబరాబాద్ ప్రాంతంలో గృహాలంకరణకు ప్రాధాన్యం పెరగడానికి గల కారణాలను వివరించండి.
2. ‘వ్యక్తిత్వం ఏ అంగడిలోనూ దొరకదు’ అన్న వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానం రాయండి.
1. దివాన్ దేవిడీకీ, కింగ్ కోఠీకీ గల భేదాన్ని తెలపండి.
2. గదిలో కనిపించే రెండు రకాల గుర్తులు ఏవి?
3. నాయనమ్మ అడిగిన ప్రశ్నలోని అంతరార్థం ఏమిటి?

ఇ. సంధులు
గృహాలంకరణ = గృహ + అలంకరణ (సవర్ణదీర్ఘ సంధి)
గృహోపకరణాలు = గృహ + ఉపకరణాలు (గుణ సంధి)
ఏకైక = ఏక + ఏక (వృద్ధి సంధి)
అత్యాధునిక = అతి + ఆధునిక (యణాదేశ సంధి)

ఈ. సమాసాలు
భార్యాభర్తలు: భార్యయు, భర్తయు (ద్వంద్వ సమాసం)
మూడు తరాలు: మూడు సంఖ్యగల తరాలు (ద్విగు సమాసం)
ఇంటి నంబరు: ఇంటియొక్క నంబరు (షష్ఠీ తత్పురుష సమాసం)

ఉ. చేయదగిన పని
మీ ఇంట్లోనో వసతిగృహంలోనో మీతో ఉన్నవారిలో పెద్దవయసు వారిని, చిన్నవయసు వారిని ఒక్కొక్కరిని ఎంచుకోండి. వారికి అతి ప్రియమైన వస్తువు ఏదో, అది ఇప్పుడు ఎక్కడ ఉన్నదో అడిగి తెలుసుకొని, ఒక పేరాలో రాయండి.